ఫోలేట్‌ను పట్టుకునే ప్రోటీన్లు: అఫినిటీ పద్ధతులతో అన్వేషణ

పరిచయం

ఎంజైమ్‌కూ దాని సబ్‌స్ట్రేట్‌కూ మధ్య బంధం ఎలా ఏర్పడుతుందో ఇంతకుముందు చదువుకున్నారు. అక్కడ ఎంజైమ్ ఏదో మనకు ముందే తెలుసు. అది దేనిమీద పనిచేస్తుందో, ఎంత వేగంగా పనిచేస్తుందో చూశాం. ఈ పాఠంలో ప్రశ్న తిరగబడుతుంది. చేతిలో ఒక చిన్న అణువు ఉంది. కణంలోని వేలాది ప్రోటీన్లలో ఏవి దానిని పట్టుకుంటాయో తెలియదు. వాటిని ఎలా వెతకాలి?

జీవక్రియలో తయారయ్యే, ఖర్చయ్యే చిన్న అణువులను మెటబొలైట్లు అంటాం. గ్లూకోజ్, ఏటీపీ, అమైనో ఆమ్లాలు, విటమిన్ల నుంచి ఏర్పడే సహఎంజైములు అన్నీ ఈ కోవలోవే. ఇవి ఎంజైములకు ముడిసరుకు మాత్రమే కావు. కొన్నిసార్లు ఒక మెటబొలైట్ తనకు ఏ సంబంధమూ లేదనిపించే ప్రోటీన్‌ను అంటుకుని దాని పనిని ఆపుతుంది లేదా పెంచుతుంది. అలాంటి జతలను ఊహించి కనుక్కోవడం కష్టం, ప్రయోగంతో పట్టుకోవలసిందే. ఇందుకు వాడే పద్ధతులను ఫోలేట్ అనే ఒకే ఉదాహరణ వెంట నడుస్తూ తెలుసుకుందాం.

రెండు మాత్రలు

గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర మీకు తెలిసిందే. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. బీరంగూడలో మందుల షాపుకు వెళ్తే ఫోలిక్ ఆమ్లం విడి మాత్రగానూ దొరుకుతుంది. అదే షాపులో డాక్టరు చీటీ మీద ఇచ్చే మరో మాత్ర మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దీనిని వారానికి ఒకసారి వేసుకోమని రాస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. ఎక్కువ మోతాదులో దీనిని క్యాన్సర్ చికిత్సలో వాడతారు.

ఈ రెండు అణువులనూ పక్కపక్కన గీసి చూడండి. ఫోలిక్ ఆమ్లంలో మూడు ముక్కలుంటాయి: ఒక చివర టెరిడిన్ అనే జంట వలయం, మధ్యలో పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం, రెండో చివర గ్లుటామిక్ ఆమ్లం. మెథోట్రెక్సేట్‌లోనూ ఇవే మూడు. టెరిడిన్ మీద ఒక ఆక్సిజన్ ఉన్న చోట అమైనో గ్రూపు వచ్చింది, మధ్య భాగంలోని నత్రజని మీద ఒక మిథైల్ గ్రూపు చేరింది. తేడా అంతే. మొదటి మార్పుతో అణుభారం 1 తగ్గుతుంది, రెండో మార్పుతో 14 పెరుగుతుంది. 441.4 కాస్తా 454.4 అవుతుంది. ఒకటేమో రక్తకణాలు తయారు కావడానికి అవసరం, మరొకటి కణవిభజననే ఆపేస్తుంది.

ఈ రెండింటి కథ ఒక తెలుగు శాస్త్రవేత్త ప్రయోగశాల గుండా నడిచింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తరువాత ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అణువులను కూడా అక్కడే తయారుచేశారు. వాటిలో ఒకటైన అమైనోటెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా ఉన్న పిల్లలకు చికిత్స చేసి, వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. మెథోట్రెక్సేట్ దానికి దగ్గరి చుట్టం. సుబ్బారావు అదే సంవత్సరం ఆగస్టులో మరణించారు. (ఫాస్ఫేట్‌ను కొలవడానికి ప్రాక్టికల్స్‌లో చేసే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ఆయన 1925లో ప్రచురించినదే. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ నీలం రంగు మన పరీక్షనాళికల్లో కనబడుతూనే ఉంది.)

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. మందు పనిచేస్తున్నదని 1948కే తెలుసు. అది కణంలో ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటుందో అప్పటికి తెలియదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్‌ను ఈ మందులు అడ్డుకుంటాయని తేలడానికి 1958 దాకా ఆగవలసి వచ్చింది. పేరు పొడవు కాబట్టి దీనిని ఇకపై డీహెచ్ఎఫ్ఆర్ అని రాద్దాం.

గాలం, ఎర

పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు బల్క్ డ్రగ్ కంపెనీల క్యూసీ ల్యాబుల్లో పనిచేస్తూ ఈ కోర్సు చదివేవారికి హెచ్‌పీఎల్‌సీ కొత్త కాదు. అక్కడి సాధారణ కాలమ్ అణువులను వాటి ధ్రువత్వాన్ని బట్టి వేరుచేస్తుంది. ఏ అణువు ఏ పని చేస్తుందో దానికి పట్టదు. అఫినిటీ కాలమ్ అలా కాదు. అమీన్‌పూర్ చెరువులో గాలం వేసేవారు ఏ చేపకు ఏ ఎర ఇష్టమో చూసి వేసినట్టు, ఇక్కడ ప్రోటీన్‌కు ఇష్టమైన అణువునే ఎరగా కడతారు. ఆగరోజ్ పూసలకు ఆ అణువును రసాయనిక బంధంతో తగిలించి, కణాల సారాన్ని ఆ పూసల మీదుగా పోస్తారు. దానిని పట్టుకునే ప్రోటీన్ ఆగిపోతుంది, మిగతావి కారిపోతాయి. ఎరగా కట్టిన అణువును లైగాండ్ అంటారు.

ఆలోచన పాతదే. పిండిపదార్థం మీద అమైలేజ్ ఎంజైమ్ అతుక్కుంటుందని 1910లోనే స్టార్కెన్‌స్టైన్ చూపించాడు. ఏ అణువునైనా పూసకు కట్టగలిగే సులువైన రసాయనం మాత్రం 1967లో వచ్చింది. సయనోజన్ బ్రోమైడ్‌తో ఆగరోజ్‌ను చురుకుగా చేస్తే అమైనో గ్రూపు ఉన్న అణువులు దానికి అంటుకుంటాయని స్వీడన్‌లో పొరాత్ బృందం చూపింది. మరుసటి ఏడాది క్వాత్రెకాసాస్, విల్చెక్, అన్ఫిన్సెన్ ఈ పద్ధతితో ఎంజైములను ఒకే అంచెలో శుద్ధి చేసి, దానికి అఫినిటీ క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టారు. పూసకు మరీ దగ్గరగా కడితే ప్రోటీన్‌కు ఎర అందదు కనుక, మధ్యలో కొన్ని కార్బన్ల గొలుసును స్పేసర్‌గా ఉంచడం కూడా అప్పుడే అలవాటైంది.

పట్టుకున్న ప్రోటీన్‌ను విడిపించడానికి రెండు దారులున్నాయి. పీహెచ్‌నో లవణ సాంద్రతనో మార్చి బంధాన్ని బలహీనపరచవచ్చు. లేదా కట్టని, స్వేచ్ఛగా ఉన్న లైగాండ్‌ను ధారాళంగా పోయవచ్చు. అప్పుడు ప్రోటీన్ పూసమీది ఎరను వదిలి ద్రావణంలోని అణువును పట్టుకుని బయటికి వస్తుంది. రెండో దారి మెరుగైనది, ఎందుకంటే ఆ అణువునే కోరుకునే ప్రోటీన్ మాత్రమే దానితో కదులుతుంది.

ముడి ఎక్కడ వేయాలి?

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఫోలేట్‌కు రెండు చివరలున్నాయి. టెరిడిన్ చివర కట్టాలా, గ్లుటామేట్ చివర కట్టాలా?

జవాబును ప్రకృతే సూచించింది. శనగలు, కందిపప్పు, పాలకూరల్లో ఉండే ఫోలేట్‌కు ఒకటి కాదు, వరుసగా అనేక గ్లుటామేట్‌లు తోకలా ఉంటాయి. మన పేగులు ఆ తోకను కత్తిరించి ఫోలేట్‌ను లోపలికి తీసుకుంటాయి. కణంలోకి వెళ్లాక మళ్లీ తోక కడతారు. ఆ తోక ఉన్నా ఎంజైములు ఫోలేట్‌ను పట్టుకోగలుగుతున్నాయంటే, ఆ చివర మరో గొలుసు వేలాడినా వాటికి పెద్దగా ఇబ్బంది లేదన్నమాట. తరువాత వచ్చిన స్ఫటిక నిర్మాణాలు దీనిని నిర్ధారించాయి. డీహెచ్ఎఫ్ఆర్‌లో టెరిడిన్ వలయం ఎంజైమ్ గుంటలో లోతుగా దిగి ఉంటుంది, గ్లుటామేట్ ఉపరితలం వైపు ఉంటుంది. కణత్వచం మీద ఉండే ఫోలేట్ గ్రాహకంలోనూ అమరిక ఇంతే. టెరిడిన్ చివర ముడివేస్తే తాళంచెవి పళ్లకు దారం చుట్టినట్టే అవుతుంది.

కాబట్టి గ్లుటామేట్ కార్బాక్సిల్ గ్రూపు ద్వారా ఫోలేట్‌నూ మెథోట్రెక్సేట్‌నూ కట్టారు. ఫలితాలు రెండు చెబుతాను.

మొదటిది ఆవుపాలు. పాలల్లో ఫోలేట్‌ను గట్టిగా పట్టుకునే ప్రోటీన్ ఒకటి ఉందని 1960లలో తెలిసింది. అది ఉండేది అతి తక్కువ మోతాదులో. 1972లో పాల తేటను ఫోలేట్ కట్టిన పూసల మీదుగా పోసి దానిని వేరుచేశారు. తటస్థ పీహెచ్ దగ్గర అది పూసలను వదలదు, ఆమ్లం పోస్తే వదిలేస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది, పరీక్షల్లో తరచు అడగదగ్గది. పాలల్లో సహజంగా ఉన్న ఫోలేట్ ఈ ప్రోటీన్ గుంటను ముందే నింపి ఉంచుతుంది. నిండిన గుంట ఎరను చూడదు. అందుకని ముందు ఆమ్లంలో ఆ ఫోలేట్‌ను విడదీసి తొలగించి, తరువాత పీహెచ్‌ను మామూలు స్థితికి తేవాలి. కాలమ్‌లో ఏమీ చిక్కలేదంటే ప్రోటీన్ లేదని అర్థం కాదు, అప్పటికే కడుపు నిండి ఉండవచ్చు.

రెండోది డీహెచ్ఎఫ్ఆర్. మామూలు కణాల్లో ఇది చాలా తక్కువ. మెథోట్రెక్సేట్ కట్టిన పూసలు దానిని సారంలోంచి ఏరి ఇస్తాయి. అయితే పట్టు ఎంత గట్టిదంటే విడిపించడమే సమస్య. పీహెచ్ పెంచి, ఉప్పు కలిపి, పైగా ఫోలేట్‌నో డైహైడ్రోఫోలేట్‌నో ధారాళంగా పోస్తేగాని కదలదు. మరీ గట్టి ఎర కూడా అసౌకర్యమే.

ముడి సంగతి అన్ని అణువులకూ ఇంత తేలిక కాదు. సుబ్బారావు ఫిస్కేతో కలిసి 1929లో వెలికితీసిన ఏటీపీనే తీసుకోండి. (అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుక్కున్నాడు.) ఏటీపీని వందలాది ప్రోటీన్లు వాడతాయి, ఒక్కోటి ఒక్కో వైపునుంచి పట్టుకుంటుంది. చివరి ఫాస్ఫేట్ ద్వారా కడితే కొన్ని చిక్కుతాయి, అడినిన్ వలయం ద్వారా కడితే వేరేవి చిక్కుతాయి. ఒకే కాలమ్‌తో ఏటీపీ ప్రోటీన్లన్నీ దొరికాయని ఎవరైనా అంటే నమ్మకండి.

పట్టు ఎంత గట్టిగా ఉండాలి?

కాలమ్ మీద ప్రోటీన్ ఎంతసేపు నిలుస్తుందో ఒక చిన్న లెక్కతో అంచనా వేయవచ్చు. పూసల్లో లైగాండ్ సాంద్రతను విఘటన స్థిరాంకంతో భాగించి, దానికి 1 కలపండి. వచ్చిన సంఖ్య, ప్రోటీన్ బయటికి రావడానికి సుమారుగా ఎన్ని కాలమ్ ఘనపరిమాణాల బఫర్ పోయాలో చెబుతుంది. లైగాండ్ కన్నా ప్రోటీన్ చాలా తక్కువగా ఉన్నప్పుడే ఇది వర్తిస్తుంది.

పూసల్లో లైగాండ్ 1 మిల్లీమోలార్ అనుకుందాం. విఘటన స్థిరాంకం 1 మైక్రోమోలార్ అయితే 1000ని 1తో భాగించి 1 కలిపితే 1001. పది ఘనపరిమాణాలతో కడిగినా ప్రోటీన్ కదలదు. విఘటన స్థిరాంకం 1 మిల్లీమోలార్ అయితే జవాబు 2. కడగడం మొదలుపెట్టగానే అది కారిపోతుంది.

మందులకు ఈ ఇబ్బంది తక్కువ, అవి గట్టిగా పట్టుకునేలా ఎంపికచేసినవి. మెటబొలైట్ల విషయం వేరు. కణంలో ఏటీపీ కొన్ని మిల్లీమోలార్‌ల సాంద్రతలో ఉంటుంది. అంత ధారాళంగా దొరికే అణువును ప్రోటీన్ గట్టిగా పట్టుకోనవసరం లేదు. వదులుగా పట్టుకుని వదలడంలోనే దాని నియంత్రణ ఉంది. అంటే మనకు ఎక్కువ ఆసక్తి కలిగించే బంధాలే కాలమ్ మీద మొదట కొట్టుకుపోతాయి.

వెలుతురుతో ముడి

వదులు బంధాన్ని కడగకముందే శాశ్వతం చేయడం దీనికి ఉపాయం. 1962లో వెస్ట్‌హైమర్ బృందం కైమోట్రిప్సిన్ ఎంజైమ్‌తో ఇది చేసి చూపింది. కాంతి పడితేనే చురుకయ్యే గ్రూపును అణువుకు తగిలిస్తారు. ఈ రోజు ఎక్కువగా వాడేది డయాజిరిన్, మూడు పరమాణువుల చిన్న వలయం. 350–365 నానోమీటర్ల ప్రాంతంలోని అతినీలలోహిత కాంతి పడగానే ఇది నత్రజనిని వదిలి కార్బీన్‌గా మారుతుంది. కార్బీన్ క్షణంలో పక్కనున్న దేనితోనైనా సమయోజనీయ బంధం ఏర్పరుస్తుంది. ఆ క్షణంలో అణువు ప్రోటీన్ గుంటలో ఉంటే ప్రోటీన్‌కే అతుక్కుంటుంది. చాలావరకు నీటితో చర్య జరిపి వృథా అవుతుంది కనుక దిగుబడి తక్కువే.

అతుక్కున్న ప్రోటీన్‌ను బయటికి లాగడానికి ఇంకో పట్టు కావాలి. బయోటిన్ లాంటి పెద్ద అణువును ముందే తగిలిస్తే మెటబొలైట్ స్వభావమే మారిపోతుంది. అందుకే రెండు కార్బన్ల మధ్య త్రిబంధం ఉన్న చిన్న ఆల్కైన్ గ్రూపును మాత్రం ఉంచి, కాంతి పని ముగిశాక దానికి అజైడ్ ఉన్న బయోటిన్‌ను రాగి ఉత్ప్రేరకంతో కలుపుతారు. 2002లో మెల్డాల్, షార్ప్‌లెస్ బృందాలు వేర్వేరుగా చూపిన ఈ చర్యనే క్లిక్ చర్య అంటారు. 2022 నోబెల్ రసాయన బహుమతిని బెర్టోజ్జితో కలిపి వీరికి ఇచ్చారు. బయోటిన్ తగిలిన ప్రోటీన్లను స్ట్రెప్టావిడిన్ పూసలు లాక్కుంటాయి. కోడిగుడ్డు తెల్లసొనలోని అవిడిన్‌కు ఇది బాక్టీరియా రూపం. తరువాత ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఆ ప్రోటీన్లు ఏవో గుర్తిస్తారు. 2013లో కొలెస్టరాల్‌కు ఇలాంటి పట్లు తగిలించి సజీవ కణాల్లో వాడినప్పుడు 250కి పైగా ప్రోటీన్లు పట్టుబడ్డాయి.

పట్టుబడినవన్నీ నిజమైనవేనా?

కావు. అనుభవం లేనివారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆక్టిన్, ట్యుబులిన్, రైబోసోమ్ ప్రోటీన్లు, హీట్ షాక్ ప్రోటీన్లు ఏ పూస వేసినా అంటుకుంటాయి, కేవలం అవి కణంలో ఎక్కువగా ఉండడం వల్ల. స్ట్రెప్టావిడిన్ వాడితే పైరువేట్ కార్బాక్సిలేజ్ లాంటివి తప్పకుండా వస్తాయి. వాటిమీద బయోటిన్ సహజంగానే ఉంటుంది మరి.

అందుకే ప్రయోగం ఎప్పుడూ జంటగా చేయాలి. మొదటి నాళికలో కణసారం, ఫోలేట్ పూసలు. రెండో నాళికలో కణసారంతో ముందుగా ఎక్కువ మోతాదులో స్వేచ్ఛా ఫోలేట్‌ను కలిపి, ఆ తరువాత పూసలు వేయాలి. నిజంగా ఫోలేట్‌ను కోరుకునే ప్రోటీన్ రెండో నాళికలో పూసల మీద తగ్గిపోతుంది. పూసకే అంటుకునేది రెండింటిలోనూ సమానంగా ఉంటుంది. చెప్పడానికి తేలిక. ఫోలిక్ ఆమ్లం నీటిలో సరిగా కరగదు, పలుచని క్షారంలో కరిగించాలి. ఆ క్షారం రెండో నాళికలో పీహెచ్‌ను పెంచిందనుకోండి, పూసల మీది ప్రోటీన్లు పోటీ వల్ల తగ్గాయో పీహెచ్ వల్ల తగ్గాయో చెప్పలేం. కాబట్టి ఫోలేట్ లేని అదే క్షారాన్ని మొదటి నాళికలోనూ అంతే కలిపి, రెండింటి పీహెచ్‌నూ కొలిచి సరిచేయాలి.

తోక కావాలనే ప్రోటీన్

గ్లుటామేట్ చివర కడితే ఎంజైములకు పెద్దగా ఇబ్బంది లేదని పైన చెప్పాను. ఆ మాటకు హద్దు ఉంది.

1970లలో కాన్రాడ్ వాగ్నర్ బృందం పూసలతో కాకుండా మరో దారిలో వెళ్లింది. రేడియోధార్మిక ఫోలిక్ ఆమ్లాన్ని ఎలుకలకు ఇచ్చి, కాలేయంలో ఆ రేడియోధార్మికత ఏ ప్రోటీన్లతో కలిసి తిరుగుతోందో చూసింది. అణువుకు ఏ పట్టూ తగిలించలేదు. కణం తన పద్ధతిలో ఫోలేట్‌ను మార్చుకుని, తోక కట్టుకుని, ప్రోటీన్లకు అందించింది. అలా దొరికిన ప్రోటీన్లలో ఒకటి 1984లో గ్లైసీన్ ఎన్-మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్ అని తేలింది. ఇది అందరూ ఆశ్చర్యపోవలసిన జవాబు. ఈ ఎంజైమ్ తన చర్యలో ఫోలేట్‌ను వాడదు. ఎస్-అడినోసిల్ మెథియోనిన్ నుంచి మిథైల్ గ్రూపును తీసి గ్లైసీన్‌కు ఇవ్వడమే దాని పని. మరి ఫోలేట్ అక్కడ ఎందుకుంది? బ్రేకుగా. దానిని అంటుకుని ఉన్న రూపం ఐదు గ్లుటామేట్‌ల తోక ఉన్న 5-మిథైల్ టెట్రాహైడ్రోఫోలేట్, అది ఎంజైమ్‌ను ఆపుతుంది. శరీరంలో మెథియోనిన్ కొరత వచ్చినప్పుడు ఈ ఫోలేట్ రూపం పెరుగుతుంది, ఎంజైమ్ ఆగుతుంది, ఉన్న కాసిని మిథైల్ గ్రూపులు వృథా కాకుండా మిగులుతాయి.

ఒక్క గ్లుటామేట్ ఉన్న రూపం కన్నా ఐదు ఉన్న రూపానికే ఈ ఎంజైమ్ గట్టిగా లోబడుతుంది. అంటే డీహెచ్ఎఫ్ఆర్ పట్టించుకోని తోకను ఇది పట్టించుకుంటుంది. ఒకే గ్లుటామేట్ ఉన్న ఫోలిక్ ఆమ్లాన్ని, అదీ ఆ చివరే ముడివేసి గాలం వేస్తే ఇలాంటి ప్రోటీన్ తప్పించుకునే అవకాశం ఎక్కువ. కాలమ్ మనకు ఇచ్చే జాబితా ఫోలేట్‌ను పట్టుకునే ప్రోటీన్ల జాబితా కాదు. ఆ చోట ముడివేసిన, ఆ రూపంలో ఉన్న ఫోలేట్‌ను పట్టుకునే ప్రోటీన్ల జాబితా.

ఈ ఇబ్బందిని దాటడానికే ఇటీవల ఏ పట్టూ అవసరం లేని పద్ధతులు వచ్చాయి. అణువును పట్టుకున్న ప్రోటీన్ వేడికి త్వరగా గడ్డకట్టదన్న సూత్రంతో 2013లో ఒకటి, పట్టుకున్న చోట ప్రోటియేజ్ ఎంజైమ్ కోత మారుతుందన్న సూత్రంతో 2018లో మెటబొలైట్ల కోసమే ఒకటి ప్రచురితమయ్యాయి. వీటికీ లోపాలున్నాయి. అణువును పట్టుకున్నా ఉష్ణ స్థిరత్వం మారని ప్రోటీన్లు మొదటి దానికి కనబడవు, కణంలో అతి తక్కువగా ఉన్నవి రెండింటికీ కష్టమే. కాబట్టి ఒక పద్ధతి చూపిన ప్రోటీన్‌ను రెండో పద్ధతితో, చివరకు శుద్ధిచేసిన ప్రోటీన్, ఏ మార్పూ చేయని మెటబొలైట్ మధ్య నేరుగా బంధాన్ని కొలిచి నిర్ధారిస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఒక విద్యార్థి ఫోలేట్ కట్టిన పూసలతో కాలేయ సారం నుంచి మూడు ప్రోటీన్లను పొందాడు. స్వేచ్ఛా ఫోలేట్ కలిపిన నాళికలో మొదటిది పూర్తిగా మాయమైంది, రెండోది సగానికి తగ్గింది, మూడోది మారలేదు. పూసల్లో ఫోలేట్ సాంద్రత 2 మిల్లీమోలార్. ఐదు కాలమ్ ఘనపరిమాణాల బఫర్‌తో కడిగాడు.

అ) మూడో ప్రోటీన్ గురించి ఏమి చెప్పగలరు, ఏమి చెప్పలేరు?

ఆ) ఇంత కడిగిన తరువాత కూడా పూసల మీద నిలవాలంటే ప్రోటీన్ విఘటన స్థిరాంకం గరిష్ఠంగా ఎంత ఉండవచ్చు? (సూచన: 2 మిల్లీమోలార్‌ను స్థిరాంకంతో భాగించి 1 కలిపితే 5 కన్నా ఎక్కువ రావాలి. జవాబు: 0.5 మిల్లీమోలార్ కన్నా తక్కువ.)

ఇ) రెండోది సగమే తగ్గడానికి రెండు కారణాలు ఊహించి, వాటిలో ఏది నిజమో తేల్చడానికి ఒక ప్రయోగాన్ని మీ మాటల్లో రాయండి. స్వేచ్ఛా ఫోలేట్ మోతాదును మారుస్తూ ఆలోచించండి.